ఎక్స్‌రాస్ 3 పాడ్ కిట్: సిగరెట్ మాన్పించే పనికి ఎంతవరకు పనికొస్తుంది?

ఈ సమీక్ష బ్రిటన్‌లో ఉంటూ, రోజూ సిగరెట్ తాగుతూ, మానాలని ఉన్నా మానలేకపోతున్న తెలుగువాళ్ళ కోసం. ఎక్స్‌రాస్ 3 అంటే లిక్విడ్‌ను వేడిచేసి నికోటిన్ ఆవిరిని పీల్చుకునే ఎలక్ట్రానిక్ సిగరెట్, వాడుకలో వేప్. సిగరెట్ అలవాటే లేనివాళ్ళకు దీనితో పనిలేదు, దీని జోలికి పోవద్దు. ఇండియాలో ఉన్నవాళ్ళు దీన్ని చదివి కొనుక్కుందామనుకుంటే అది కుదరని పని. 2019లో వచ్చిన చట్టం ప్రకారం అక్కడ ఎలక్ట్రానిక్ సిగరెట్ తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

బ్రిటన్‌లో మాత్రం ప్రభుత్వ వైద్యులే సిగరెట్ మానలేనివాళ్ళను వేప్‌కి మారమంటారు. ముల్లును ముల్లుతోనే తీసే పద్ధతి. పది లక్షల మందికి స్టార్టర్ కిట్లు ఇస్తామని 2023లో ప్రకటించారు కూడా. అయితే దుకాణంలోకి అడుగుపెడితే గోడ నిండా రంగురంగుల డబ్బాలు కనిపిస్తాయి, వాటిలో సిగరెట్ మానడానికి పనికొచ్చేవి కొన్నే. 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే వేప్‌ల అమ్మకం ఆపేశారు. వాటి స్థానంలో అదే ఆకారంలో, అదే తీపితో, లిక్విడ్ ముందే నింపిన పాడ్ (చిన్న డబ్బీ) తగిలించే రకాలు వచ్చాయి. చట్టానికి సరిపోయేలా చార్జింగ్ రంధ్రం ఒకటి పెట్టారంతే. మానాలనుకునేవాళ్ళకు కావలసింది మనమే లిక్విడ్ నింపుకునే చిన్న పాడ్ కిట్. నికోటిన్ ఎంత ఉండాలో మన చేతిలో ఉంటుంది, ఖర్చు తక్కువ, తరువాత తగ్గించుకోవడం వీలవుతుంది. వేపొరెస్సో కంపెనీ ఎక్స్‌రాస్ 3 ఈ కోవలోది. దీని తరువాత కొత్త మోడళ్ళు వచ్చినా ఇక్కడ చెప్పే సంగతులు వాటికీ చాలావరకు వర్తిస్తాయి.

చేతిలో పట్టుకుంటే పెన్‌డ్రైవ్ కన్నా పెద్దదే అయినా, చొక్కా జేబులో ఇమిడిపోయేంత ఉంటుంది. లోపల 1000 ఎంఏహెచ్ బ్యాటరీ. రోజుకు పాకెట్ తాగే మనిషికి కూడా ఒక చార్జింగ్ రోజంతా వస్తుంది. పాడ్‌లో పట్టేది 2 మి.లీ. లిక్విడ్. ఇది కంపెనీ పిసినారితనం కాదు, బ్రిటన్ చట్టం పెట్టిన పరిమితి. పీల్చగానే దానంతటదే పనిచేస్తుంది, బటన్ నొక్కి కూడా వాడుకోవచ్చు. ఐదుసార్లు చకచకా నొక్కితే ఆగిపోతుంది. జేబులో వేసుకునే ముందు ఆ అలవాటు చేసుకోవడం మంచిది. పక్కన గాలి ఎక్కువ తక్కువ చేసే చిన్న మీట ఉంటుంది. సిగరెట్ తాగేవాళ్ళు ఆ మీటను దాదాపు మూసేయాలి. సిగరెట్ పీలుస్తుంటే ఎంత బిగువుగా ఉంటుందో అంత బిగువు ఇక్కడా రావాలి. మొత్తం తెరిచి పీలిస్తే పొగ బోలెడు వస్తుంది కానీ తాగిన తృప్తి రాదు.

కిట్‌లో సాధారణంగా రెండు పాడ్‌లు వస్తాయి: ఒకటి 0.6 ఓమ్, ఇంకొకటి 1.0 ఓమ్. ఓమ్ అనేది లోపలి కాయిల్ (లిక్విడ్‌ను వేడిచేసే తీగ) నిరోధానికి కొలత. తప్పు మొదలయ్యేది ఇక్కడే. చాలామంది ముందే తగిలించి ఉన్నదాన్ని అలాగే వాడేస్తారు. 0.6 ఓమ్ ఎక్కువ వేడెక్కి, ఎక్కువ లిక్విడ్ తాగి, ఎక్కువ ఆవిరి ఇస్తుంది. దానిలో మిల్లీలీటరుకు 20 మి.గ్రా. నికోటిన్ ఉన్న లిక్విడ్ (సీసా మీద 20 మి.గ్రా. అంటే ఇదే) పోసి లాగితే నాలుగు దమ్ములకే తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. ‘ఇది నాకు పడదు’ అని డ్రాయర్‌లో పడేస్తారు. మానాలనుకునేవాళ్ళు 1.0 ఓమ్ పాడ్‌తో మొదలుపెట్టాలి. 1.2 ఓమ్ దొరికితే ఇంకా మంచిది. ఎక్స్‌రాస్ వరుసలో పాడ్‌లు ఒకదానికి ఒకటి సరిపోతాయి కాబట్టి విడిగా కొనుక్కోవచ్చు. ఇందులో కాయిల్ పాడ్‌తో కలిసే ఉంటుంది. కాయిల్ పాడైతే పాడ్ మొత్తం మార్చాలి, చెత్త కొంచెం ఎక్కువ. కాయిల్ మాత్రమే మార్చే కిట్లు వేరే ఉన్నాయి కానీ, కొత్తవాళ్ళకు పాడ్ మార్చడమే సులువు.

ఇక లిక్విడ్. ఓడిపోయేవాళ్ళలో ఎక్కువమంది ఓడేది ఇక్కడే, ఇంకా చెప్పాలంటే మిల్లీగ్రాముల దగ్గర. ‘మానడానికే కదా, తక్కువతో మొదలుపెడదాం’ అని 3 మి.గ్రా. లేదా 6 మి.గ్రా. సీసా తీసుకుంటారు. రెండు రోజులు రోజంతా లాగినా మెదడుకు అందాల్సింది అందదు. మూడోరోజు టీ తాగుతూ ఒక సిగరెట్, సాయంత్రానికి పాకెట్. లెక్క చూడండి: ఒక సిగరెట్ నుంచి ఒంటికి పట్టే నికోటిన్ సుమారు 1 నుంచి 1.5 మి.గ్రా. రోజుకు 20 తాగే మనిషికి 20 నుంచి 30 మి.గ్రా. అలవాటు. 2 మి.లీ. పాడ్‌లో 20 మి.గ్రా. లిక్విడ్ నిండా పోస్తే అందులో మొత్తం 40 మి.గ్రా. ఉంటుంది, అందులో ఒంటికి పట్టేది కొంత భాగమే. అదే 3 మి.గ్రా. లిక్విడ్ అయితే పాడ్ మొత్తంలో ఉండేది 6 మి.గ్రా. రోజుకు ఒక పాడ్ పూర్తిగా ఖాళీ చేసినా అది నాలుగు సిగరెట్లకు మించి కాదు.

అందుకని లేచిన అరగంటలోపు మొదటి సిగరెట్ వెలిగించేవాళ్ళు, లేదా రోజుకు పది దాటేవాళ్ళు 20 మి.గ్రా. నికోటిన్ సాల్ట్‌తో మొదలుపెట్టాలి. బ్రిటన్‌లో మిల్లీలీటరుకు 20 మి.గ్రా. మించి అమ్మకూడదు, సీసా 10 మి.లీ. దాటకూడదు. రోజుకు నాలుగైదు తాగేవాళ్ళకు 10 మి.గ్రా. సరిపోవచ్చు. సాల్ట్ అనే మాట సీసా మీద ఉందో లేదో చూసుకోండి. మామూలు నికోటిన్ 18 మి.గ్రా. దగ్గర గొంతులో కారం రాసినట్టు మండుతుంది. సాల్ట్‌లో బెంజోయిక్ ఆమ్లం లాంటిది కలపడం వల్ల ఆ ఘాటు తగ్గి, అంతే మోతాదు మెత్తగా దిగుతుంది.

సీసా మీద ఇంకో అంకె ఉంటుంది: 50/50, 70/30 లాంటిది. అది చిక్కదనం గురించి. గ్లిజరిన్ చిక్కన, ప్రొపిలీన్ గ్లైకాల్ పల్చన. ఈ పాడ్‌కి 50/50 తీసుకోవాలి. 70 పాళ్ళు గ్లిజరిన్ ఉన్నది పోస్తే లోపలి దూది దాన్ని తొందరగా పీల్చుకోలేదు. తీగ వేడెక్కేసరికి దూది ఆరిపోయి ఉంటుంది, మాడుతుంది. దుకాణంవాళ్ళు ‘ఇది చవక’ అని 50 మి.లీ. సీసా చూపిస్తే ఆగండి. దాన్ని షార్ట్‌ఫిల్ అంటారు. అందులో నికోటిన్ సున్నా. 18 మి.గ్రా. నికోటిన్ ఉన్న 10 మి.లీ. సీసా ఒకటి అందులో కలిపితే మొత్తం 60 మి.లీ. అవుతుంది, నికోటిన్ మిల్లీలీటరుకు 3 మి.గ్రా. మాత్రమే. మేఘాల్లాంటి పొగ వదిలేవాళ్ళ సరుకు అది, మానేవాళ్ళది కాదు.

రుచి విషయంలో ఒక మాట. పొగాకు రుచి అని రాసి ఉన్నది కొని నిరాశపడేవాళ్ళు ఎక్కువ. సిగరెట్ రుచి అంటే మనం అనుకునేది ఆకు కాలిన రుచి. ఇక్కడ కాలేదేమీ లేదు, అందుకే అది ఎండు ఆకుకు పంచదార చేర్చినట్టుంటుంది. పుదీనా, మెంథాల్ చాలామందికి నచ్చుతాయి. మామిడి, లిచీ లాంటి బాగా తియ్యటి వాటిలో సుక్రలోజ్ ఉంటుంది, అది కాయిల్ మీద పాకంలా గడ్డకట్టి పాడ్‌ని రెండు మూడు రోజుల్లోనే మార్పిస్తుంది. అలా కాకుంటే పాడ్ ఒకటి, రెండు వారాలు వస్తుంది. మొదట రెండు రుచులు కొనిపెట్టుకోండి, ఒకదానితో మొహం మొత్తితే ఇంకొకటి ఉంటుంది.

కొత్త పాడ్ నింపగానే లాగకూడదు. నింపి, పది నిమిషాలు పక్కన పెట్టాలి. దూది అంతా తడవడానికి అంత సమయం పడుతుంది. మొదటి అయిదారు దమ్ములు చిన్నగా, మధ్యలో అర నిమిషం విరామంతో. ఇది మరిచి ఒకసారి మాడు రుచి తెప్పించారంటే ఆ పాడ్ పని అయిపోయినట్టే, ఎంత లిక్విడ్ పోసినా ఆ మాడు వాసన పోదు. లిక్విడ్ నాలుగో వంతుకు తగ్గకముందే మళ్ళీ నింపుకోండి.

పీల్చే తీరు మార్చుకోవడం చాలామందికి కష్టం. సిగరెట్‌ను చురుగ్గా, గట్టిగా ఒక్క గుక్కలో లాగుతాం. దీన్ని అలా లాగితే ఆవిరి బదులు లిక్విడ్ కాయిల్‌లోకి ఎక్కువ దిగుతుంది. హుక్కాలా గుడగుడ శబ్దం వస్తుంది, నోట్లోకి చేదు చుక్కలు వస్తాయి. మెల్లగా, మూడు నాలుగు సెకన్ల పాటు, ముందు నోట్లోకి తీసుకుని ఆ తరువాత లోపలికి. గుడగుడ మొదలైతే పాడ్ తీసి, నోరు పెట్టే వైపు కిందికి పట్టి, టిష్యూ మీద నాలుగుసార్లు విదిలించండి. పాడ్ అడుగున, అది కూర్చునే గూట్లో తడి చేరుతుంది. రెండు రోజులకోసారి టిష్యూతో తుడవాలి. పీల్చినా వెలగకపోవడం, పీల్చకుండానే వెలగడం, ఈ రెండు ఫిర్యాదులకూ సగంసార్లు కారణం ఆ తడే. గాలి కదలికను పసిగట్టే సెన్సర్ దారి మూసుకుపోతుంది. ఇలా లీకయ్యేవి ఇదొక్కటే కాదు, ఏ పాడ్ కిట్‌కైనా ఈ రోగం కొంత ఉంటుంది. ఇందులో తక్కువ.

చార్జింగ్‌కి 5 వోల్టులు, 1 ఆంపియర్ ఇచ్చే మామూలు అడాప్టర్ చాలు. ఫోన్ కోసం కొన్న ఫాస్ట్ చార్జర్ పెట్టొద్దు, రాత్రి దిండు కింద పెట్టి పడుకోవద్దు. పాడైపోతే ఇంటి చెత్తడబ్బాలో వేయకూడదు. అమ్మిన దుకాణంవాళ్ళు వెనక్కి తీసుకోవాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే లిక్విడ్ సీసా మందులకన్నా పైన, తాళం ఉన్న చోట ఉండాలి. తీపి వాసనొచ్చే 10 మి.లీ. సీసాలో 200 మి.గ్రా. నికోటిన్ ఉంటుంది, పసిపిల్లల ప్రాణానికి అది ముప్పు. చేతిమీద ఒలికితే వెంటనే సబ్బుతో కడుక్కోండి.

ఇది నిజంగా మాన్పిస్తుందా? బ్రిటన్‌లో 886 మందితో చేసి 2019లో ప్రచురించిన పరీక్ష ఉంది. సగం మందికి ఇలాంటి నింపుకునే వేప్ ఇచ్చారు, సగం మందికి గమ్, ప్యాచ్ లాంటివి ఇచ్చారు. ఇద్దరికీ వారం వారం సలహాదారు సాయం ఉంది. ఏడాది తరువాత చూస్తే వేప్‌వాళ్ళలో 18 శాతం, రెండోవాళ్ళలో 9.9 శాతం సిగరెట్ మానేశారు. దాదాపు రెట్టింపు. కానీ వేప్ తీసుకున్న వందలో 82 మంది మానలేదన్నదీ అదే లెక్క. ఇంకోటి, దుకాణంవాళ్ళు చెప్పనిది: వేప్‌తో మానినవాళ్ళలో 80 శాతం మంది ఏడాది చివర కూడా వేప్ వాడుతూనే ఉన్నారు. గమ్, ప్యాచ్‌లతో మానినవాళ్ళలో వాటినింకా వాడుతున్నది 9 శాతమే. అంటే ఇది సిగరెట్‌ను మాన్పిస్తుంది, నికోటిన్‌ను అంత తేలిగ్గా మాన్పించదు. పొగలో ఉండే తారు, కార్బన్ మోనాక్సైడ్ దీనిలో ఉండవు కాబట్టి సిగరెట్‌తో పోలిస్తే హాని చాలా తక్కువ. హాని లేదని మాత్రం ఎవరూ అనరు. 2019లో అమెరికాలో ఊపిరితిత్తులు దెబ్బతిని జనం చనిపోయారన్న వాట్సప్ సందేశం ఇంకా తిరుగుతోంది. ఆ ఘటనల్లో ప్రధాన దోషిగా తేలింది గంజాయి నూనె కార్ట్రిడ్జుల్లో కలిపిన విటమిన్ ఇ అసిటేట్. బ్రిటన్ లిక్విడ్లలో విటమిన్లు కలపడం నిషేధం. బల్ల కింద నుంచి తీసి ఇచ్చే, వేల దమ్ములు వస్తాయని చెప్పే ‘పెద్ద పఫ్’ వేప్‌ల సరుకులో ఏం కలిపారో మాత్రం అమ్మేవాడికీ తెలియదు.

ఈ కిట్‌తో ఓడిపోవడానికి రెండో పెద్ద కారణం రెండింటినీ కలిపి వాడటం. ఆఫీసులో వేప్, ఇంటికొచ్చాక సిగరెట్. మొదటి రెండు మూడు వారాలు ఇలా జరిగితే సర్దుకోవచ్చు. నెల దాటితే అది మానడం కాదు, ఖర్చు రెండింతలు చేసుకోవడం. రోజుకు 20 తాగే మనిషి 5కి తగ్గినా గుండెకు దక్కే లాభం అతను ఊహించుకున్నంత ఉండదు. అందుకని ఒక తేదీ పెట్టుకుని పూర్తిగా మారడం మేలు. ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ) స్టాప్ స్మోకింగ్ సర్వీస్‌కి ఫోన్ చేస్తే ఉచితంగా మనిషిని కేటాయిస్తారు. కొన్ని కౌన్సిళ్ళు కిట్ కూడా ఇస్తాయి, కొనేముందు అడగండి. అక్కడ ఒక గొట్టంలోకి ఊదమంటారు. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల పాళ్ళకు 10 దాటితే సిగరెట్ తాగుతున్నట్టు. వేప్ ఎంత లాగినా ఆ అంకె పెరగదు, సిగరెట్ మానిన ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది. తనకు తాను చెప్పుకునే అబద్ధాన్ని ఆ యంత్రం ముందు నిలబెట్టుకోవడం కష్టం.

మొదటి వారంలో ఎదురయ్యే ఇంకో తికమక: సిగరెట్ పది పన్నెండు దమ్ములకు అయిపోతుంది, ఇది అయిపోదు. ఎంతసేపు లాగాలో ఒంటికి తెలియదు. సిగరెట్ కన్నా నికోటిన్ కాస్త నెమ్మదిగా ఎక్కుతుంది కూడా. కాబట్టి అయిదారు దమ్ములు లాగి, జేబులో పెట్టి, అయిదు నిమిషాలు ఆగి, ఇంకా కావాలనిపిస్తే మళ్ళీ. తల తిరిగితే ఎక్కువైనట్టు, చిరాకు పోకపోతే తక్కువైనట్టు. నోరు, గొంతు ఎండుతాయి, మంచినీళ్ళ సీసా పక్కన ఉంచుకోండి.

కాఫీ తాగేవాళ్ళు ఒకటి గమనించాలి. సిగరెట్ పొగలోని పదార్థాల వల్ల కాలేయం కెఫీన్‌ను వేగంగా వదిలిస్తుంటుంది. పొగ ఆగగానే ఆ వేగం తగ్గుతుంది. రోజూ తాగే నాలుగు కప్పులే ఆరేడు కప్పుల్లా పనిచేస్తాయి. నిద్రపట్టక, గుండె దడదడలాడుతుంటే నేరం వేప్ మీదికి పోతుంది. మొదటి వారంలోనే కాఫీ సగానికి తగ్గించండి. ఇదే కారణం చేత క్లోజపిన్, ఒలాంజపిన్, థియోఫిలిన్ వాడేవాళ్ళు మానే తేదీకి ముందే డాక్టరుకు చెప్పాలి, మందు మోతాదు మార్చాల్సి రావచ్చు. గర్భిణులు మిడ్‌వైఫ్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు.

ఖర్చు దగ్గరకొస్తే, కిట్ సుమారు 15 నుంచి 25 పౌండ్లు. 10 మి.లీ. సాల్ట్ సీసా 3, 4 పౌండ్ల దగ్గర దొరుకుతుంది. రోజుకు ఒక పాడ్ ఖాళీ చేసేవాళ్ళకు అది అయిదు రోజులు వస్తుంది. పాడ్‌లు కలుపుకున్నా నెలకు 30 నుంచి 40 పౌండ్లలో తేలుతుంది. 20 సిగరెట్ల పాకెట్ 15 పౌండ్లు దాటిన దేశంలో ఇది రెండు మూడు పాకెట్ల ధర. 2026 అక్టోబర్ 1 నుంచి 10 మి.లీ. లిక్విడ్ మీద 2.20 పౌండ్ల పన్ను, దానిమీద వ్యాట్ వేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికీ సిగరెట్ కన్నా చవకే.

తగ్గించడం గురించి తొందరపడొద్దు. కనీసం రెండు మూడు నెలలు ఒక్క సిగరెట్ కూడా ముట్టకుండా గడిచాక మొదలుపెట్టండి. 20 నుంచి ఒక్కసారిగా 10కి దిగితే చాలామంది తెలియకుండానే రెట్టింపు లాగుతారు, సీసా అయిదు రోజులకు బదులు రెండున్నర రోజుల్లో అయిపోతుంది. అదే రుచిలో 20, 10 సీసాలు కొని చెరిసగం కలిపితే 15 అవుతుంది. అలా నెల, తరువాత 10, ఆపైన 5. లిక్విడ్ వాడకం పెరిగిందంటే తొందరపడ్డట్టు గుర్తు, ఒక మెట్టు వెనక్కి వెళ్ళండి. సిగరెట్ మీదికి మనసు పోయినా అంతే.

మా తీర్పు: 1.0 ఓమ్ పాడ్, 20 మి.గ్రా. సాల్ట్, 50/50 లిక్విడ్‌తో వాడితే అయిదుకు నాలుగు మార్కులు. అదే మిషన్‌ను 0.6 పాడ్, 3 మి.గ్రా. షార్ట్‌ఫిల్‌తో వాడితే సిగరెట్ మానే పనికి ఒకటి కూడా దండగ. ఒక మార్కు కోత కాయిల్ విడిగా మార్చలేనందుకు, లిక్విడ్ ఎంతుందో చూడాలంటే పాడ్ బయటికి లాగాల్సి వస్తున్నందుకు.

సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు దీన్ని వెంట తీసుకెళ్ళొద్దు. శంషాబాద్‌లో దిగినా గన్నవరంలో దిగినా సూట్‌కేసులో ఉన్న కిట్ నిషేధిత దిగుమతి కిందికే వస్తుంది. సింగపూర్‌లో దగ్గర ఉంచుకోవడమే నేరం, దోహా మీదుగా వెళ్ళేవాళ్ళకు ఖతార్‌లోనూ నిషేధమే. నిషేధం లేని దేశాలకు వెళ్తుంటే బ్యాటరీ చేతి సంచిలో ఉండాలి, చెక్ఇన్ సామానులో కాదు. విమానంలో గాలి పీడనం తగ్గి సగం నిండిన పాడ్ లీకవుతుంది కాబట్టి ఖాళీ చేసి ఎక్కండి.

ఇండియాలో ఉన్నన్నాళ్ళకు నికోటిన్ గమ్ వాడుకోవాలి. 2 మి.గ్రా. గమ్ అక్కడ మందుల షాపుల్లో దొరుకుతుంది. ఊళ్ళో పాత స్నేహితులు, టీ కొట్టు, పాత బ్రాండ్ అన్నీ ఒకేసారి ఎదురయ్యే వారం అది, గమ్ జేబులో లేకుండా బయటికి వెళ్ళొద్దు. మాట్లాడే మనిషి కావాలంటే 1800-11-2356కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, సిగరెట్ పాకెట్ల మీద అచ్చువేసే నంబరు అదే. గమ్‌ను చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే రసం కడుపులోకి పోయి ఎక్కిళ్ళు, వికారం వస్తాయి. మిరియాల ఘాటు తగిలేదాకా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి ఆపాలి. ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. ఇలా అరగంట. కాఫీ, కూల్‌డ్రింక్, నిమ్మరసం తాగిన వెంటనే నోట్లో వేసుకుంటే నికోటిన్ సరిగా పట్టదు, పదిహేను నిమిషాలు ఆగి వేసుకోండి.